పరాయి నేలపై పండిన పంట మన గాదె నింపునా?

జనసంఖ్య అధికముగా గల దేశము తన ఆహారమును తన నేలపైననే పండించుకొనవలయునా, లేక భూములు విస్తారముగా గల పరదేశములలో పొలములు కౌలునకు గైకొని, అచట పండించి, ఓడలమీద తెచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్న గత రెండు దశాబ్దములలో పలు దేశములందు చర్చకు వచ్చినది. మన దేశమునందును వచ్చినది. ఇది రాజధానులలోని ఆర్థికవేత్తలు తేల్చవలసిన విషయమే గాని గ్రామ పంచాయతీకి దీనితో పని యేమి యని కొందరు తలంపవచ్చును. కాని మన దేశపు వంటయిండ్లలో ఉడుకు కందిపప్పులో కొంత మొజాంబిక్ రైతు పండించినది; మూకుడులో కాగు నూనెలో కొంత ఇండోనేషియా తోటలనుండి వచ్చినది. అంతేగాక ఈ పద్ధతి విఫలమైన దేశములలో వివాదమంతయు గ్రామస్థులు తరతరములుగా అనుభవించుచున్న భూమిని గూర్చియే చెలరేగినది. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట అవసరమని భావించి, దీనిని గూర్చి ఇచట వివరింపదలచితిమి.

ఈ ఆలోచన ఎట్లు పుట్టినది?

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారము 2023లో మన దేశము చైనాను మించి ప్రపంచములోనెల్ల అధిక జనసంఖ్య గల దేశమైనది. అప్పటికే మన సంఖ్య 142 కోట్లు దాటినది. ప్రపంచ జనులలో ప్రతి నూరుగురకు పదునేడుగురికి మించి మనవారు; ప్రపంచపు మంచినీటి వనరులలో మనకు దక్కినది మాత్రము నూటికి నాలుగు పాళ్ల ప్రాంతమే. మన నికర సాగుభూమి 14 కోట్ల హెక్టార్ల దగ్గర అర్ధశతాబ్దమునకు పైగా నిలిచియున్నది. నోళ్లు పెరిగినవి గాని నేల పెరుగలేదు. ఇట్టి స్థితిలో అన్యదేశములయందలి బీడు భూముల వైపు దృష్టి మరలుట వింత కాదు.

ఈ ఆలోచనకు బలము చేకూర్చినది 2007–08 నాటి ప్రపంచ ఆహార సంక్షోభము. ఆ కాలమున బియ్యము, గోధుమలు, మొక్కజొన్నల ధరలు ఒక్కసారిగా మిన్నంటినవి. మన ప్రభుత్వము 2007 అక్టోబరులో బాస్మతి కాని బియ్యపు ఎగుమతిని నిషేధించినది. వియత్నాము కూడ తన ఎగుమతులను తగ్గించుకొన్నది. అంతర్జాతీయ విపణిలో బియ్యపు ధర కొద్ది నెలలలోనే రెండింతలకు మించినది. ధనము చేతనున్నను ధాన్యము దొరకని పరిస్థితి సంభవింపగా, దిగుమతులపై ఆధారపడిన దేశములకు భయము కలిగినది. ‘బజారులో కొనుటకంటె మన పొలమే పరదేశములో ఉన్నచో మేలు కదా’ అని అవి తలపోసినవి.

ఈ పనిని మూడు విధములుగా చేయుచున్నారు. మొదటిది, పరదేశములో భూమిని కొనుట లేదా దీర్ఘకాలపు కౌలునకు తీసికొనుట. రెండవది, భూమి అచటి రైతుదిగనే యుండగా అతనికి అప్పు, విత్తనము, సలహా సమకూర్చి సాగును పెంచుట. మూడవది, ఏటేట ఇంత సరకు కొందుమని ప్రభుత్వముల నడుమ ఒప్పందము చేసికొనుట. ఈ మూడింటిని ఒకేగాట కట్టరాదు. వీని ఫలితములు కూడ ఒక్క తీరుగా లేవు.

మడగాస్కర్ నేర్పిన పాఠము

దక్షిణ కొరియా పరిశ్రమలలో మిక్కిలి అభివృద్ధి చెందిన దేశమే గాని, బియ్యము తప్ప ఇతర ధాన్యములలో చాలభాగమును దిగుమతి చేసికొనుచుండును. ఆ దేశమునకు చెందిన డేవూ లాజిస్టిక్స్ అను సంస్థ ఆఫ్రికా తీరమున నున్న మడగాస్కర్ ద్వీపములో 13 లక్షల హెక్టార్ల భూమిని 99 సంవత్సరముల కౌలునకు తీసికొనబోవుచున్నదని 2008 నవంబరులో వార్త వెలువడినది. మన లెక్కలో అది 32 లక్షల ఎకరములు. ఆ దేశపు సాగుయోగ్యమైన భూమిలో దాదాపు సగము. అందు మొక్కజొన్నయు, పామాయిల్ తోటలును పెంచవలెనని సంస్థ ఉద్దేశము.

మడగాస్కర్ ప్రజలు తమ నేలను ‘పితరుల భూమి’ యని పిలుచుకొందురు. అట్టి నేల మూడు నాలుగు తరముల కాలము పరాయివారి చేతికి పోవునని వినగానే ప్రజలలో ఆగ్రహము పెల్లుబికినది. అధ్యక్షుడు మార్క్ రావలోమనానాపై అప్పటికే ఉన్న అసంతృప్తికి ఇది తోడైనది. 2009 మార్చిలో ఆయన పదవిని వీడవలసివచ్చినది. అధికారమును చేపట్టిన ఆండ్రీ రజోయెలీనా ఆ ఒప్పందము రద్దయినదని ప్రకటించెను. కొరియా ప్రజల కొరకు ఆ పొలములలో ఒక్క గింజయైనను పండకమునుపే కథ ముగిసినది. కాగితముపై ఎంత గట్టి కౌలు వ్రాసికొన్నను, ఆ నేలపై బ్రదుకు జనుల సమ్మతి లేనిచో అది నిలువదని ఈ సంఘటన చూపినది.

ఎడారి రాజ్యపు గోధుమలు

సౌదీ అరేబియా కథ వేరు. అచట నదులు లేవు. అయినను 1970 దశకము చివరి నుండి భూగర్భములో వేలయేండ్ల క్రిందట చేరిన నీటిని తోడి, ఇసుకనేలలో గోధుమ పండింపసాగిరి. ప్రభుత్వము ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు చెల్లించి ఆ గోధుమలను కొనెను. 1992 నాటికి ఉత్పత్తి 40 లక్షల టన్నుల ప్రాంతమునకు చేరి, ఎగుమతి కూడ జరిగినది. కాని వానతో తిరిగి నిండని నీరు అది. మట్టములు పడిపోవుట చూచి, 2008లో ప్రభుత్వము స్వదేశపు గోధుమ కొనుగోలును క్రమముగా తగ్గించి 2016 నాటికి నిలుపవలెనని నిర్ణయించెను. పిమ్మట కొంతమేరకు మరల సాగును అనుమతించినను, పూర్వపు స్థాయికి పోలేదు. ఆ కాలముననే పరదేశములలో వ్యవసాయమునకు పెట్టుబడి పెట్టు తమ సంస్థలకు తోడ్పడుటకై అబ్దుల్లా రాజు పేర ఒక పథకమును ప్రారంభించిరి.

ఆ దేశపు పెద్ద పాల సంస్థయైన అల్మరాయ్ 2014లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున సుమారు 9,800 ఎకరములను 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొని, అచట పశుగ్రాసము పండించి ఓడలపై స్వదేశమునకు చేర్చసాగెను. అరిజోనా కూడ నీటికి కరవు గల ప్రాంతమే. ‘మా క్రింది నీరు గడ్డిరూపమున సముద్రము దాటిపోవుచున్నది’ అన్న భావము అచటి ప్రజలలో కలిగినది. తుదకు 2023 అక్టోబరులో ఆ రాష్ట్ర గవర్నరు కేటీ హాబ్స్ ఆ సంస్థ వర్గమునకు ఇచ్చిన ప్రభుత్వ భూముల కౌలును ముగించుటకు చర్యలు ప్రకటించిరి. పరదేశమున పంట పండించుట యనగా పరదేశపు నీటిని తెచ్చుకొనుటయే. ఆ నీటికి అచట కూడ హక్కుదారులు కలరు.

మనవారు ఇథియోపియాకు వెళ్లినప్పుడు

ఈ త్రోవలో మన దేశపు సంస్థలును నడచినవి. బెంగుళూరు కేంద్రముగా గులాబీల వ్యాపారము చేయుచుండిన కరుటూరి గ్లోబల్ సంస్థ 2010లో ఇథియోపియా పడమటి భాగమునందలి గాంబెల్లా ప్రాంతమున ఒక లక్ష హెక్టార్ల భూమిని కౌలునకు పొందినది. పనులు సవ్యముగా సాగినచో మరి రెండు లక్షల హెక్టార్లు ఇత్తురన్న మాటయు ఉండెను. కౌలు హెక్టారునకు ఏడాదికి 20 బిర్లు మాత్రమే. అప్పటి మారకపు లెక్కలో ఎకరమునకు ముప్పది రూపాయలకైనను చేరని సొమ్ము అది.

ఇంత చౌకగా దొరకిన భూమి ఫలించినదా? 2011లో బారో నదికి వరద వచ్చి, వేలాది హెక్టార్ల మొక్కజొన్న పైరు మునిగిపోయినది. నది పొంగుచుండు తావులను తరతరములుగా ఎరిగినవారు అచటి అనువాక్ జనులు. ఆ ప్రాంతము ప్రభుత్వపు లెక్కలలో ఖాళీ భూమిగా కనబడినను, వారు అందు మారుసాగు చేసికొనుచు, చేపలు పట్టుకొనుచు, అడవి ఫలసాయము తెచ్చుకొనుచు జీవించుచుండిరి. గ్రామములను ఒకచోటికి చేర్చు ప్రభుత్వ కార్యక్రమము ఆ కాలముననే అచట జరుగుటచే, భూముల కౌలును గూర్చి తీవ్రమైన విమర్శలు వచ్చినవి. తుదకు 2015 డిసెంబరులో ఇథియోపియా ప్రభుత్వము, కౌలునకిచ్చిన భూమిలో అల్పభాగము మాత్రమే సాగులోనికి వచ్చినదను కారణము చూపి ఒప్పందమును రద్దు చేసెను. సంస్థ ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. ఏది ఎట్లున్నను, ఆ పొలములు మన ఆహార భద్రతకు తోడ్పడలేదు.

పంట ఉన్నను ఓడ కదలని దినములు

ఒప్పందము నిలిచి, పైరు పండి, కోత ముగిసినదనుకొందము. అప్పుడైనను ఆ పంట మనకు చేరునా? 2022లో జరిగినదానిని చూడుడు. పామాయిల్‌ను ప్రపంచములోనెల్ల అధికముగా ఉత్పత్తి చేయు ఇండోనేషియాలో వంటనూనె ధరలు పెరుగగా, ఆ ప్రభుత్వము ఏప్రిల్ 28 నుండి పామాయిల్ ఎగుమతిని నిషేధించెను. మే 23న నిషేధమును ఎత్తివేయువరకు ఎగుమతి సరకు నిలిచిపోయినది. తాము తిను వంటనూనెలో సగమునకు మించి దిగుమతి చేసికొను మనవంటి వారికి ఆ మూడు నాలుగు వారములు ఆందోళనగా గడచినవి. తోట ఎవరిదైనను ఎగుమతి ఆజ్ఞ ఆ నేలను పాలించు ప్రభుత్వముదే.

ఇండోనేషియాను నిందింప పని లేదు. అదే సంవత్సరము మే 13న మనము గోధుమల ఎగుమతిని నిషేధించితిమి. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని ఆపి, 2024 సెప్టెంబరులో మరల అనుమతించితిమి. కరవు వచ్చినప్పుడు ఏ ప్రభుత్వమైనను ముందు తన ప్రజల కంచము చూచును. మనము చేసినపని ఇతరులు చేయరనుకొనుట వివేకము కాదు.

రైతు చేతిలోనే భూమి ఉన్నచో

అయినచో పరదేశముల పంటతో మనకు పనియే లేదా? అట్లనుటయు సరి కాదు. 1973లో అమెరికా సోయా చిక్కుళ్ల ఎగుమతిని కొంతకాలము ఆపివేసినప్పుడు, వానిపై ఆధారపడిన జపాను కలతపడినది. పిమ్మట అది బ్రెజిలు ప్రభుత్వముతో కలిసి, సెరాడో అను మెట్ట ప్రాంతమున సాగును పెంచుటకు 1979 నుండి 2001 వరకు ఒక పథకమును నడిపినది. అందు ముఖ్యముగా బ్రెజిలు దేశపు రైతులకే అప్పులు, పరిశోధనల సాయము అందినవి. బ్రెజిలు నేడు సోయా ఎగుమతిలో అగ్రస్థానమున ఉండుటకు ఆ కృషియు ఒక కారణము. ప్రపంచ విపణిలో సరకు పెరుగుటచే జపానునకును మేలు కలిగినది. అయితే సెరాడో ప్రాంతపు సహజమైన చెట్టుచేమలు విస్తారముగా నశించినవన్న సంగతిని మరువరాదు.

మన కందుల సంగతియు ఇట్టిదే. 2014, 2015 సంవత్సరములలో వరుసగా వానలు తప్పగా, 2015 అక్టోబరు నాటికి కందిపప్పు కిలో ధర కొన్ని పట్టణములలో 200 రూపాయలకు చేరినది. అంతకు ముందే, 2010లో, అప్పటి హర్యానా ముఖ్యమంత్రి భూపిందర్ సింగ్ హుడా అధ్యక్షత వహించిన ఒక అధ్యయన సంఘము, పప్పుధాన్యములు, నూనెగింజల కొరకు మన సంస్థలు పరదేశములలో భూములు తీసికొనుటను ప్రోత్సహింపవచ్చునని సూచించియుండెను. కాని 2016 జూలైలో మన ప్రభుత్వము మొజాంబిక్‌తో చేసికొన్నది భూమి ఒప్పందము కాదు, కొనుగోలు ఒప్పందము. 2016–17లో ఒక లక్ష టన్నులతో ఆరంభించి, 2020–21 నాటికి రెండు లక్షల టన్నుల వరకు పప్పుధాన్యములు దిగుమతి చేసికొనవలెనని నిర్ణయమైనది. 2021లో దీనిని మరి అయిదేండ్లకు పొడిగించిరి. అచట భూమి చిన్నరైతు చేతిలోనే యున్నది. మన పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ మెరుగుపరచిన కంది రకములు తూర్పు ఆఫ్రికా రైతులకును అందినవి.

అయినను ఇందును చిక్కు లేకపోలేదు. 2015–16లో సుమారు 163 లక్షల టన్నులుగా నున్న మన పప్పుధాన్యముల దిగుబడి, మద్దతు ధర పెరుగుట చేతను, మంచి వానల చేతను, మరుసటి యేడు 231 లక్షల టన్నులకు ఎగబ్రాకినది. ఆ యేటనే దిగుమతులు 66 లక్షల టన్నుల వరకు వచ్చిపడినవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులతో సహా పలువురు కంది రైతులు క్వింటాలునకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నను, అంతకు తక్కువకే అమ్ముకొనవలసివచ్చినది. దానిపై 2017 ఆగస్టులో ప్రభుత్వము కందుల దిగుమతికి పరిమితి విధించినది. అప్పుడు మొజాంబిక్ రైతు నష్టపోయెను. మనకొరకని పండించిన కందులకు అతని ఊరిలో కొనువారు కరువైరి. ఇటు తాండూరు రైతును, అటు మొజాంబిక్ రైతును ఒకే సంవత్సరమున కుంగదీసినది, పంట చేతికి రాకమునుపే లెక్క చూచుకొనని మన అలసత్వమే.

పరాధీనత రుచి మనము ఎరిగినదే

ఆహారమునకు అన్యులపై ఆధారపడుట ఎట్టిదో మన దేశమునకు అనుభవమే. 1956 ఆగస్టులో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందము కుదిరినది. 1965, 1966 కరవులలో ఆ గోధుమలు కోట్ల ప్రజల ప్రాణములు నిలిపినవి, అందుకు కృతజ్ఞులమే. కాని 1966లో కోటి టన్నులకు మించి ధాన్యము దిగుమతి చేసికొనవలసివచ్చినప్పుడు, ఆ ఓడలు ఎప్పుడు కదలవలెనో నిర్ణయించు అధికారము మన చేతిలో లేదు. వేగముగా పంపవలెనో, ఆలసించి పంపవలెనో అమెరికా అధ్యక్షుడు తన రాజనీతిని బట్టి నిశ్చయించుచుండెను.

ఆ స్థితినుండి మనలను గట్టెక్కించినది మన రైతులే. పశ్చిమగోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావుగారు 1967లో ఐ.ఆర్. 8 వరిని సాగుచేసి అధిక దిగుబడి చూపగా, దేశమంతట రైతులకు ధైర్యము కలిగినది. 1950–51లో సుమారు 5 కోట్ల 8 లక్షల టన్నులుగా నున్న మన ఆహారధాన్యముల ఉత్పత్తి 2023–24లో 33 కోట్ల టన్నులను మించినది. సాగుభూమి విస్తీర్ణము ఈ అర్ధశతాబ్దములో పెరుగకుండగనే ఇంత ఫలితము సాధించితిమన్న సంగతి గమనింపదగినది.

పంచాయతీలు చేయదగిన పనులు

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి మా అభిప్రాయము ఇది: పరదేశపు పంట కొరత యేట ఊతముగా పనికివచ్చును, దానిని నమ్మి ఇంటి సాగును వదలుకొనరాదు. పండించువాని చేతిలో భూమి నుండగా సరసమైన ధరకు కొనుట మేలు. అతని నేలను కౌలు పేరిట తీసికొనుట ఉభయులకును చేటు.

ఇందు పంచాయతీల పాత్ర స్వల్పమైనది కాదు. రాజ్యాంగపు 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో మొదటిది వ్యవసాయమే. చిన్ననీటి వనరులు, నీటి నిర్వహణ కూడ అందున్నవి. చెరువు పూడిక తీయించి, తూము మరమ్మతు చేయించి, కాలువకట్ట నిలిపినచో, సముద్రము దాటి వెదకు ఎకరములలో కొన్ని మన ఆయకట్టులోనే లభించును.

రెండవది, ఉమ్మడి భూముల రక్షణ. మడగాస్కర్‌లోను, గాంబెల్లాలోను ఊరివారు వాడుకొను నేలను రాజధానిలోని కాగితము ఖాళీ భూమిగా చూపినది. మన మేతబీడులు, చెరువు శిఖములు, పోరంబోకులు కూడ అట్లే కనబడవచ్చును. ఇట్టి గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించి ఊరికి అప్పగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున రాష్ట్రములను ఆదేశించినది. భూములపై పెట్టుబడులు పెట్టునప్పుడు ఆ నేలను అనుభవించువారిని ముందుగా సంప్రదింపవలెనని, వ్రాతలో లేని వాడుక హక్కులను కూడ గౌరవింపవలెనని 2012 మేలో ప్రపంచ ఆహారభద్రతా సంఘము ఆమోదించిన మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. మన గ్రామపు ఉమ్మడి భూముల సర్వే నంబర్లు, హద్దులు, వాడుక ఒక పుస్తకములో వ్రాసి గ్రామసభలో చదివి వినిపించుట ప్రతి పంచాయతీ నేడే చేయదగిన పని.

మూడవది, పప్పుధాన్యముల సాగు. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము పప్పుధాన్యములలో స్వావలంబన కొరకు ఒక పథకమును ఆమోదించినది. 2030–31 నాటికి ఉత్పత్తిని 350 లక్షల టన్నులకు పెంచుట దాని లక్ష్యము. కంది వానాధారపు పైరు, నేలకు బలమిచ్చును, పత్తి, జొన్న చేలలో అంతరపంటగా ఇముడును. ఊరిలో ఏ సర్వే నంబరులో ఎంత కంది వేసిరో సకాలములో సరిగా నమోదగునట్లు చూచుట, కొనుగోలు కేంద్రము కోతకు ముందే తెరచునట్లు అధికారులకు విన్నవించుట, ఆరబోయుటకు కళ్లములు, నిలువకు గిడ్డంగి వసతి సమకూర్చుట పంచాయతీ సభ్యులు చొరవ తీసికొని చేయింపదగిన పనులు. ఊరి లెక్క సరిగానున్ననాడే దేశపు లెక్క సరియగును. అది సరియైననాడు ఎన్ని టన్నులు తెప్పింపవలెనో ప్రభుత్వమునకు ముందుగా తెలియును. ఇచటి రైతుకు గాని, సముద్రపుటావలి రైతుకు గాని 2017 నాటి కష్టము మరల రాకుండును.

రాబోవు గ్రామసభలో ఈ మూడు విషయములను కార్యక్రమములో చేర్చి, రైతులతో చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.